అమెరికాలో పార్టీలు, స్వతంత్ర ఓటర్లు, ప్రైమరీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా ఎన్నికలంటే నవంబరులో జరిగే పోలింగ్ ఒక్కటే అనుకుంటే సగం ఎన్నిక చేజారినట్టే. చాలా నియోజకవర్గాల్లో ఎవరు గెలుస్తారన్నది అంతకు నెలల ముందే, పార్టీ అభ్యర్థిని ఓటర్లు ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలోనే తేలిపోతుంది. ఆ ప్రైమరీలో మీకు ఓటు ఉందా లేదా అన్నది రెండు సంగతుల మీద ఆధారపడుతుంది: మీరు ఏ రాష్ట్రంలో ఉంటున్నారు, ఓటరు నమోదు ఫారంలో పార్టీ గడి దగ్గర ఏం గుర్తు పెట్టారు. కొత్తగా పౌరసత్వం వచ్చిన తెలుగువాళ్లు, రాబోతున్నవాళ్లు, ఇక్కడి నుంచి ఆ రాజకీయాలను గమనించేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు కింద ఉన్నాయి.

అమెరికా రాజ్యాంగం పార్టీల గురించి ఏం చెబుతుంది?

ఏమీ చెప్పదు. 1787లో రాసిన మూల పాఠంలో గానీ, తర్వాత చేరిన 27 సవరణల్లో గానీ రాజకీయ పార్టీలు ఎలా ఉండాలన్న మాటే లేదు. మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఏ పార్టీకీ చెందలేదు. 1796లో ప్రజలకు రాసిన వీడ్కోలు సందేశంలో పార్టీ ముఠాతత్వం దేశాన్ని చీలుస్తుందని గట్టిగా హెచ్చరించారు కూడా. ఆయన తర్వాత పార్టీ లేకుండా ఆ పదవికి ఎన్నికైనవారు ఒక్కరూ లేరు. పార్టీలకు, ప్రైమరీలకు ఇప్పుడున్న చట్టబద్ధమైన రూపం దాదాపుగా రాష్ట్రాల ఎన్నికల చట్టాల నుంచి వచ్చిందే. అందుకే ఒక రాష్ట్రంలో చెల్లే నియమం పక్క రాష్ట్రంలో చెల్లదు. న్యూజెర్సీలో ఉన్న బంధువు చెప్పిన మాట నమ్మి పెన్సిల్వేనియాలో పోలింగ్ కేంద్రానికి వెళితే వట్టి చేతులతో తిరిగి రావాల్సి రావచ్చు.

మన దగ్గర పార్టీ సభ్యత్వానికీ, అక్కడి పార్టీ నమోదుకూ తేడా ఏమిటి?

చాలా తేడా ఉంది. ఇక్కడ సభ్యత్వం ఇచ్చేది పార్టీ. రుసుము, రసీదు, కార్డు అన్నీ పార్టీవే. అక్కడ సుమారు 30 రాష్ట్రాల్లో, రాజధాని వాషింగ్టన్ డీసీలో, ప్రభుత్వం ఇచ్చే ఓటరు నమోదు ఫారంలోనే పార్టీ గడి ఉంటుంది. డెమొక్రాటిక్ అనో రిపబ్లికన్ అనో గుర్తు పెడితే మీరు ఆ పార్టీ ఓటరుగా నమోదైనట్టే. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరి సిఫారసూ అక్కర్లేదు, పార్టీ మిమ్మల్ని వద్దని అనలేదు. నవంబరులో ఆ పార్టీకే ఓటెయ్యాలన్న నిబంధన అసలే లేదు.

ఇంకో పెద్ద తేడా టికెట్ దగ్గర. మన ఎన్నికల్లో పార్టీ అధిష్ఠానం సంతకం చేసిన బీ-ఫారం ఎవరి చేతిలో ఉంటే వారే అభ్యర్థి. అమెరికాలో అధిష్ఠానం అన్నదే బలహీనం. డెమొక్రాటిక్, రిపబ్లికన్ జాతీయ కమిటీలు నిధులు సమకూరుస్తాయి, అధ్యక్ష అభ్యర్థిని ప్రకటించే మహాసభలు నిర్వహిస్తాయి, ఓటర్ల వివరాలు భద్రపరుస్తాయి. కానీ ఫలానా నియోజకవర్గంలో అభ్యర్థి ఎవరన్నది సాధారణంగా ప్రైమరీలో ఓటర్లే తేలుస్తారు. పార్టీ పెద్దలందరూ వద్దన్న మనిషి ప్రైమరీ గెలిస్తే పార్టీ పేరు అతనిదే అవుతుంది.

స్వతంత్ర ఓటరుగా నమోదైతే ప్రైమరీలో ఓటు ఉంటుందా?

ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది ఈ ప్రశ్నే. జవాబు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలతో చెప్పుకుందాం.

న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా, మేరీలాండ్‌లలో ప్రైమరీకి తలుపులు మూసే ఉంటాయి. పార్టీ గడి ఖాళీగా వదిలేసినవారికి పార్టీ అభ్యర్థుల్ని ఎంచుకునే ఓటు ఉండదు. పెన్సిల్వేనియాలో అదే రోజు ఏదైనా ప్రజాభిప్రాయ ప్రశ్న గానీ ఉప ఎన్నిక గానీ ఉంటే దానికి మాత్రం ఓటెయ్యవచ్చు.

న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ లేనివాళ్లు పోలింగ్ రోజున కేంద్రంలోనే పార్టీ చెప్పి ఓటు వెయ్యవచ్చు. అయితే ఆ క్షణం నుంచి మీరు ఆ పార్టీ ఓటరే. మళ్లీ ఫారం ఇచ్చి మార్చుకునేదాకా రికార్డులో అలాగే ఉంటుంది. మసాచుసెట్స్‌లో స్వతంత్ర ఓటరు ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకుని ఓటేసినా స్వతంత్రంగానే మిగులుతారు. నార్త్ కరొలైనాలో కూడా స్వతంత్రులు ఒక పార్టీ బ్యాలెట్ ఎంచుకోవచ్చు.

అరిజోనాలో ఒకే రాష్ట్రంలో రెండు నియమాలు. గవర్నరు (అక్కడ ఓటర్లు ఎన్నుకునే రాష్ట్రాధినేత), సెనేటు (కేంద్ర చట్టసభలో ఎగువ సభ) వంటి పదవుల ప్రైమరీలో స్వతంత్రులు ఏదో ఒక పార్టీ బ్యాలెట్ కోరవచ్చు. అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో మాత్రం వాళ్లకు చోటు లేదు. మొదటిదానిలో వేశాం కదా అని రెండోదానికి వెళ్లి నిరాశపడేవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

కాలిఫోర్నియా పద్ధతే వేరు. 2010లో ఓటర్లు ఆమోదించిన 14వ ప్రతిపాదన ప్రకారం గవర్నరు, సెనేటు, ప్రతినిధుల సభ (కేంద్రంలో దిగువ సభ), రాష్ట్ర శాసనసభ పదవులకు అభ్యర్థులందరూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు. ఎవరైనా ఎవరికైనా ఓటెయ్యవచ్చు. మొదటి రెండు స్థానాల్లో వచ్చినవారు, ఒకే పార్టీ వారైనా సరే, నవంబరులో తలపడతారు. 2016 సెనేటు ఎన్నికలో కమలా హారిస్, లొరెటా సాంచెజ్ ఇద్దరూ డెమొక్రాట్లే. ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది: ఒక పార్టీ నుంచి మరీ ఎక్కువమంది దిగితే ఓట్లు చీలిపోతాయి. 2012లో అక్కడి 31వ నియోజకవర్గం డెమొక్రాట్ల వైపు మొగ్గేదే అయినా, నవంబరు బ్యాలెట్ మీద ఇద్దరు రిపబ్లికన్లే మిగిలారు. ఇక అధ్యక్ష ప్రైమరీకి ఈ పద్ధతి వర్తించదు. 2024లో స్వతంత్ర ఓటర్లు అడిగితే డెమొక్రాట్లు బ్యాలెట్ ఇచ్చారు, రిపబ్లికన్లు ఇవ్వలేదు.

మా టెక్సస్‌లో ఫారం మీద పార్టీ గడే లేదు. మేమంతా స్వతంత్రులమేనా?

నమోదు వరకు అంతే. టెక్సస్, జార్జియా, వర్జీనియా, ఇల్లినాయ్, మిషిగన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఓటరు నమోదులో పార్టీ ఊసు ఉండదు. వీటిలో చాలా చోట్ల ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడికక్కడ చెబుతారు. అలాగని ఆ ఎంపికకు విలువ లేదనుకోవద్దు.

టెక్సస్‌నే తీసుకోండి. మార్చిలో ప్రైమరీ. ఎవరికీ సగం కన్నా ఎక్కువ ఓట్లు రాకపోతే మే నెలలో మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ. మార్చిలో రిపబ్లికన్ బ్యాలెట్ మీద ఓటేసినవారు మే నెలలో డెమొక్రాటిక్ పోటీలో వెయ్యలేరు. అటునుంచి ఇటూ అంతే. మార్చిలో అసలు ఓటెయ్యనివారు మాత్రం మేలో ఏదైనా ఎంచుకోవచ్చు. ఆ ఏడాది ముగిస్తే ఈ అనుబంధం దానంతటదే తొలగిపోతుంది. నవంబరులో మీ ఇష్టం మీది.

మిషిగన్, విస్కాన్సిన్‌లలో ఆగస్టు ప్రైమరీకి మీ ఎంపిక ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒకే కాగితం మీద పార్టీలు వేర్వేరు భాగాల్లో ఉంటాయి. ఒక భాగంలోనే ఓటెయ్యాలి. ఈ పదవికి ఈ పార్టీ మనిషి, ఆ పదవికి ఆ పార్టీ మనిషి అని రెండు చోట్లా గుర్తు పెడితే పార్టీ ఓట్లన్నీ చెల్లకుండా పోతాయి.

ప్రైమరీకి అంత ప్రాధాన్యం ఎందుకు? నవంబరులో వేస్తే చాలదా?

ప్రతినిధుల సభలో 435 స్థానాలు. వాటిలో రెండు పార్టీల మధ్య గట్టి పోటీ ఉండేవి కొన్ని పదులకు మించవు. మిగతా చోట్ల నియోజకవర్గం ఒక పార్టీకి పెట్టని కోట. జనం ఎక్కడ స్థిరపడ్డారన్నది ఒక కారణమైతే, పదేళ్లకోసారి జనగణన తర్వాత రాష్ట్రాలు హద్దులు గీసేటప్పుడు పాలక పార్టీలు తమకు అనుకూలంగా గీసుకోవడం రెండో కారణం. కోటలో నవంబరు ఎన్నిక లాంఛనమే. అసలు పోటీ పార్టీ లోపల, ప్రైమరీలో. ఆ ప్రైమరీకి వచ్చేవాళ్లు నవంబరులో వచ్చేవాళ్లకన్నా బాగా తక్కువ. అంటే కొద్దిమంది, అందులోనూ పార్టీ భావాలు గట్టిగా ఉన్నవాళ్లు, అందరి తరఫునా ప్రతినిధిని తేల్చేస్తున్నారు.

హైదరాబాద్‌లో పుట్టిన ఇద్దరు మహిళల రాజకీయ ప్రయాణం చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. అరుణా మిల్లర్ 2018లో మేరీలాండ్ 6వ నియోజకవర్గం నుంచి ప్రతినిధుల సభకు డెమొక్రాటిక్ ప్రైమరీలో పోటీ చేసి రెండో స్థానంలో నిలిచారు. అక్కడితో ఆ ప్రయత్నం ఆగింది. నవంబరు ఓటర్ల ముందుకు వెళ్లే అవకాశమే రాలేదు. అది మూసిన ప్రైమరీ కాబట్టి స్వతంత్రులెవరూ ఆమెకు ఓటేసి ఉండలేరు. తర్వాత ఆమె అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరు (గవర్నరు తర్వాతి పదవి) అయ్యారు. పక్కనున్న వర్జీనియాలో ప్రైమరీ ఎవరికైనా తెరిచే ఉంటుంది. 2025 జూన్‌లో లెఫ్టినెంట్ గవర్నరు పదవికి ఆరుగురు డెమొక్రాట్లు పోటీపడితే గజాలా హష్మీ 30 శాతం లోపు ఓట్లతోనే, స్వల్ప తేడాతో గెలిచారు. నవంబరులో పదవి ఆమెదైంది. ఇంత దగ్గరి పోటీలో కొన్ని కాలనీల ఓట్లు కూడా లెక్కలోకి వస్తాయి.

పార్టీ మార్చుకోవాలంటే గడువు ఎంత?

మూసిన ప్రైమరీ ఉన్న రాష్ట్రాల్లో ఎక్కువమంది దెబ్బతినేది గడువు దగ్గరే. మామూలు ఓటరు నమోదు గడువు వేరు, పార్టీ మార్పు గడువు వేరు కావచ్చు.

న్యూయార్క్‌లో జూన్ ప్రైమరీకి పార్టీ మార్పు ఫారం ఫిబ్రవరి 14లోగా చేరాలి. ఆ తర్వాత ఇస్తే మార్పు ప్రైమరీ అయిపోయాకే అమల్లోకి వస్తుంది. ఒకప్పుడు ఇది ఇంకా దారుణంగా ఉండేది. 2016 ఏప్రిల్ ప్రైమరీకి గడువు 2015 అక్టోబరులోనే ముగిసింది. దాంతో డొనాల్డ్ ట్రంప్ సొంత పిల్లలు ఇవాంకా, ఎరిక్ సకాలంలో రిపబ్లికన్లుగా నమోదు కాక, తండ్రికే ఓటెయ్యలేకపోయారు. చుట్టూ ప్రచార నిపుణులున్న కుటుంబానికే ఇలా జరిగిందంటే ఉద్యోగం, పిల్లల బడి మధ్య పరుగులు తీసేవాళ్లు గడువు మరిచిపోవడంలో వింత ఏముంది?

ఫ్లోరిడాలో ప్రైమరీకి 29 రోజుల ముందు, పెన్సిల్వేనియాలో 15 రోజుల ముందు తలుపు మూస్తారు. న్యూజెర్సీలో ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి మారేవారికి గడువు 55 రోజులు. చట్టసభలు ఈ తేదీలను అప్పుడప్పుడూ మారుస్తుంటాయి. కాబట్టి ఎన్నికల ఏడాది జనవరిలోనే రాష్ట్ర ఎన్నికల శాఖ వెబ్‌సైటు చూసి ఫోన్ క్యాలెండరులో పెట్టుకోండి.

ఫారంలో ‘ఇండిపెండెంట్’ అని కనబడింది, గుర్తు పెట్టాను. సరేనా?

ఆగి మళ్లీ చదవండి. కాలిఫోర్నియాలో అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ అని ఒక పార్టీ ఉంది. 1968లో జాతి వేర్పాటును సమర్థించిన జార్జ్ వాలెస్ అధ్యక్ష పోటీ కోసం పుట్టింది. పేరు చూసి, ఏ పార్టీ వద్దనుకున్నవాళ్లు లక్షల్లో అందులో నమోదైపోయారు. అలా నమోదైనవారు స్వతంత్రులు కారు. ఒక పార్టీ సభ్యులు. దాంతో అధ్యక్ష ప్రైమరీలో స్వతంత్రులకు దొరికే బ్యాలెట్ వీరికి దొరకదు.

స్వతంత్రులకు ఒక్కో రాష్ట్రం ఒక్కో పేరు పెట్టింది. కాలిఫోర్నియాలో ‘నో పార్టీ ప్రిఫరెన్స్’, ఫ్లోరిడాలో ‘నో పార్టీ అఫిలియేషన్’, మసాచుసెట్స్‌లో ‘అనెన్‌రోల్డ్’, న్యూజెర్సీ, కొలరాడో, నార్త్ కరొలైనాల్లో ‘అనఫిలియేటెడ్’, న్యూహాంప్‌షైర్‌లో ‘అన్‌డిక్లేర్డ్’. మీ రాష్ట్రంలో ఏ పేరో తెలుసుకుని ఆ గడిలోనే టిక్కు పెట్టండి.

నమోదు సరిగ్గా ఉండి కూడా ఓటు చెల్లకుండా పోయే సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. ముఖ్యంగా పోస్టులో బ్యాలెట్ వచ్చే రాష్ట్రాల్లో.

కొలరాడోలో 2016లో ఓటర్లు ఆమోదించిన 108వ ప్రతిపాదన తర్వాత స్వతంత్రులకు ఒకే కవరులో రెండు పార్టీల ప్రైమరీ బ్యాలెట్లూ ఇంటికి వస్తాయి. ఒకటి నింపి పంపాలి. ఉత్సాహం కొద్దీ రెండూ నింపి పంపితే రెండూ చెల్లవు. రెండో కాగితాన్ని చింపి పారెయ్యడం క్షేమం. ఇంట్లో భార్యాభర్తల కవర్లు ఒకేసారి వస్తే ఒకరి బ్యాలెట్ ఇంకొకరి కవరులో పెట్టకుండా చూసుకోండి. సంతకం ఆ కవరు మీదే సరిపోల్చుతారు.

రెడ్‌మండ్, బెల్‌వ్యూ వైపున్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆగస్టు ప్రైమరీకి పార్టీ చెప్పక్కర్లేదు. కాలిఫోర్నియాలాగే మొదటి ఇద్దరు ముందుకు వెళ్తారు. కానీ నాలుగేళ్లకోసారి వచ్చే అధ్యక్ష ప్రైమరీలో కవరు బయట ఒక పార్టీ గడిలో గుర్తు పెట్టి సంతకం చెయ్యాలి. లోపల అదే పార్టీ అభ్యర్థికి ఓటెయ్యాలి. కవరు మీద గడి ఖాళీగా వదిలినా, ఒక పార్టీ గుర్తు పెట్టి లోపల ఇంకో పార్టీకి వేసినా ఆ ఓటు లెక్కించరు.

ఫ్లోరిడాలో అభ్యర్థులందరూ ఒకే పార్టీ వారైతే అందరూ ఓటెయ్యవచ్చని విన్నాం. నిజమేనా?

చట్టంలో ఉన్నమాట నిజం, ఆచరణలో అది తరచూ నీరుగారిపోతుంది. 1998లో చేసిన రాష్ట్ర రాజ్యాంగ సవరణ ప్రకారం ఒక పదవికి పోటీదారులంతా ఒకే పార్టీ వారై, గెలిచినవారికి నవంబరులో ప్రత్యర్థి లేకపోతే, ఆ ప్రైమరీలో పార్టీతో పనిలేకుండా అందరికీ ఓటు ఉంటుంది. మెలిక ఎక్కడంటే, బ్యాలెట్ మీద పేరు లేకుండా, ఓటరే పేరు రాయాల్సిన అభ్యర్థి ఒకరు నమోదైనా నవంబరులో ప్రత్యర్థి ఉన్నట్టే లెక్క. అలాంటి అభ్యర్థికి నామినేషను రుసుము లేదు, సంతకాలు సేకరించక్కర్లేదు. ఎవరో ఒకరు అలా కాగితం దాఖలు చేస్తే చాలు, ప్రైమరీ మూసుకుపోతుంది. అలాంటివారు నామినేషను వేసే నాటికే ఆ నియోజకవర్గంలో ఉండాలన్న చట్టాన్ని కూడా 2016లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రచారం చెయ్యని ఒక్క మనిషి పేరుతో వేలమంది స్వతంత్రుల, అవతలి పార్టీ వారి ఓటు హక్కు తీసేయడం అన్యాయమని మా గట్టి అభిప్రాయం.

స్వతంత్ర ఓటర్లు నిజంగా అంత ఎక్కువా?

అభిప్రాయ సేకరణ సంస్థ గ్యాలప్ సర్వేల్లో తాము స్వతంత్రులమని చెప్పుకునేవారు కొన్నేళ్లుగా 40 శాతానికి పైనే. ఏ ఒక్క పార్టీ వారికన్నా ఇది ఎక్కువ. కానీ ‘అయినా ఎటువైపు కొద్దిగా మొగ్గుతారు’ అని రెండో ప్రశ్న వేస్తే వారిలో ఎక్కువమంది ఒక పార్టీ పేరు చెబుతారు. అలా మొగ్గేవారు నవంబరులో ఆ పార్టీ సభ్యుల్లాగే ఓటేస్తారని రాజనీతి పరిశోధకులు దశాబ్దాలుగా చూపిస్తున్నారు. ఎటూ మొగ్గనివారు పదిశాతం ప్రాంతంలో ఉంటారు. వారిలో రాజకీయాలంటే ఆసక్తి తక్కువ కాబట్టి పోలింగ్‌కు వచ్చేవారూ తక్కువే.

అందుకని స్వతంత్రులను ఒక మూడో శిబిరంగా చూడకూడదు. వారిలో ఇరువైపుల వాళ్లూ ఉన్నారు. అయినా ఒక రాష్ట్రం ఫలితం కొన్ని వేల ఓట్లతో తేలేటప్పుడు ఊగిసలాడే ఆ కొద్దిమందే తేలుస్తారు.

స్వతంత్రులుగా గెలిచినవాళ్లు సభలో ఏం చేస్తారు?

సెనేటులో వర్మాంట్ నుంచి బెర్నీ శాండర్స్, మెయిన్ నుంచి ఆంగస్ కింగ్ స్వతంత్రులు. ఇద్దరూ సభలో డెమొక్రాట్లతో కలిసి కూర్చుంటారు. కారణం సూటిగా ఉంది: ఏ కమిటీలో ఎవరుండాలన్నది పార్టీల వారీగా పంచుతారు. ఏ వైపూ చేరకపోతే కమిటీ లేదు, కమిటీ లేకపోతే చేతిలో పనిలేదు.

ఇక్కడ 1985 నుంచి పార్టీ ఫిరాయింపుల చట్టం ఉంది. అక్కడ అలాంటిది లేదు. 2001లో వర్మాంట్ సెనేటరు జిమ్ జెఫర్డ్స్ రిపబ్లికన్ పార్టీని వదిలి స్వతంత్రుడయ్యారు. అప్పుడు సెనేటు 50–50గా ఉంది, ఉపాధ్యక్షుడి ఓటుతో రిపబ్లికన్లది పైచేయి. ఆ ఒక్క మనిషి అటు జరగడంతో సెనేటు మీద అధికారం, కమిటీ అధ్యక్ష పదవులన్నీ డెమొక్రాట్లకు మారిపోయాయి. ఆయన పదవికి రాజీనామా చెయ్యలేదు, మళ్లీ ఎన్నికకు వెళ్లలేదు.

మూడో పార్టీ ఎందుకు నిలదొక్కుకోదు?

ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే పద్ధతి మన దగ్గరా ఉంది, అయినా ఇక్కడ ప్రాంతీయ పార్టీలు బతుకుతున్నాయి. అక్కడ అధ్యక్ష ఎన్నిక దెబ్బ అదనం. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ మొదటి స్థానం వచ్చినవారికే ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ (అధ్యక్షుణ్ని ఎన్నుకునేందుకు ప్రతి రాష్ట్రానికీ కేటాయించిన ఓట్లు) వెళ్తాయి. మెయిన్, నెబ్రాస్కా మాత్రమే కొన్నిటిని నియోజకవర్గాల వారీగా పంచుతాయి. 1992లో రాస్ పెరో దేశవ్యాప్తంగా సుమారు 19 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. ఎలక్టోరల్ ఓట్లు సున్నా. 1968లో వాలెస్‌కు ఓట్లు తక్కువే అయినా దక్షిణాదిలో ఒకచోట పోగుపడటంతో 46 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. 538లో 270 ఎవరికీ రాకపోతే ప్రతినిధుల సభ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఓటు చొప్పున అధ్యక్షుణ్ని ఎన్నుకుంటుంది. అక్కడ మళ్లీ రెండు పార్టీలదే బలం.

ఓట్లు చీలుస్తారన్న భయం కూడా ఉత్తదేమీ కాదు. 2000లో ఫ్లోరిడాలో జార్జ్ బుష్ ఆధిక్యం 537 ఓట్లు. అదే రాష్ట్రంలో గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు వచ్చినవి 97,488.

అలాస్కా దీనికి ఒక మార్గం కనిపెట్టింది. ప్రైమరీలో అందరూ కలిసి పోటీ, మొదటి నలుగురు నవంబరుకు, అప్పుడు ఓటరు ఒకటి, రెండు, మూడు అని ఇష్టాన్ని వరుసగా రాస్తారు. 2022లో మొదలైంది. 2024లో దీన్ని రద్దు చేద్దామన్న ప్రతిపాదన వెయ్యి లోపు ఓట్ల తేడాతో వీగిపోయింది. అదే ఏడాది నెవాడా, కొలరాడో, ఐడహోల్లో ఇలాంటి మార్పును ఓటర్లే తిరస్కరించారు.

స్వతంత్ర అభ్యర్థిగా నిలబడాలంటే ఏం చెయ్యాలి?

సంతకాలు సేకరించాలి. ఎన్ని, ఎప్పటిలోగా, ఎవరివి అన్నది రాష్ట్రాన్ని బట్టి. కఠినమైన ఉదాహరణ టెక్సస్. 2024లో అధ్యక్ష పదవికి స్వతంత్రంగా నిలబడాలంటే 1,13,151 చెల్లే సంతకాలు కావాలి. ఆ ఏడాది ఏ పార్టీ ప్రైమరీలోనైనా ఓటేసినవారి సంతకం పనికిరాదు. సేకరించినవాటిలో చాలా సంతకాలు కొట్టేస్తారు కాబట్టి అనుభవమున్నవాళ్లు కావాల్సినదానికి ఒకటిన్నర రెట్లు తెచ్చుకుంటారు. చిరునామా నమోదులో ఉన్నట్టు లేకపోవడం, ఒకరే రెండుసార్లు సంతకం చెయ్యడం మామూలుగా జరిగే పొరపాట్లు.

ప్రైమరీలో ఓడి, స్వతంత్రంగా దిగుదామంటే చాలా రాష్ట్రాలు ఒప్పుకోవు. కనెక్టికట్ ఒప్పుకుంది కాబట్టే 2006లో జో లీబర్‌మన్ డెమొక్రాటిక్ ప్రైమరీ ఓడిపోయి కూడా నవంబరులో సెనేటరుగా గెలిచారు. అలా దిగిన అందరికీ కలిసి రాదు: 2025 న్యూయార్క్ మేయరు ఎన్నికలో ఆండ్రూ క్వోమో ప్రైమరీలోనూ, స్వతంత్రంగా నవంబరులోనూ జోహ్రాన్ మమ్దానీ చేతిలో ఓడారు.

నేను ఏ పార్టీ అన్నది ఇతరులకు తెలుస్తుందా?

మీరు ఎవరికి ఓటేశారన్నది రహస్యం. ఏ పార్టీలో నమోదయ్యారు, ఏ ఎన్నికకు వచ్చి ఓటేశారు అన్నవి చాలా రాష్ట్రాల్లో బహిరంగ రికార్డు. టెక్సస్, ఇల్లినాయ్ లాంటి చోట్ల మీరు ఏ పార్టీ ప్రైమరీ బ్యాలెట్ అడిగారో కూడా నమోదవుతుంది. ప్రచార బృందాలు ఈ జాబితాలతోనే ఫోన్లు చేస్తాయి, తలుపులు తడతాయి.

గ్రీన్‌కార్డు ఉంది. కనీసం పార్టీలో నమోదవ్వవచ్చా?

వద్దు. ఓటరు నమోదు పౌరులకే. పౌరులమని తప్పుగా చెప్పి నమోదైతే దేశం నుంచి పంపేసే పరిస్థితి రావచ్చు. పౌరసత్వ దరఖాస్తు ఎన్-400లో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా అని సూటిగా అడుగుతారు. ప్రమాదం ఎక్కువగా డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఎదురవుతుంది. 1993 చట్టం ప్రకారం అక్కడే ఓటరు నమోదు అడుగుతారు. తొందరలో ‘అవును’ నొక్కితే చిక్కే. మీ తప్పు లేకుండానే జరగవచ్చు కూడా: ఒరెగాన్‌లో లైసెన్సు శాఖ పొరపాటున 1,200 మందికి పైగా పౌరులు కానివారిని నమోదు చేసిందని 2024లో బయటపడింది. మీ పేరుతో ఓటరు కార్డు వస్తే ఓటు మాత్రం వెయ్యకండి. వెంటనే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడి, ఆయన చెప్పినట్టు రాతపూర్వకంగా రద్దు చేయించుకోండి.

విరాళం సంగతి వేరు. గ్రీన్‌కార్డు ఉన్నవారు తమ సొంత డబ్బు ఇవ్వవచ్చు. ఫెడరల్ (కేంద్ర స్థాయి) అభ్యర్థికి 2025–26లో ఒక్కో ఎన్నికకు పరిమితి 3,500 డాలర్లు, ప్రైమరీ, నవంబరు వేర్వేరు లెక్క. హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవారు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. వారి డబ్బు స్నేహితుడి పేరు మీద ఇవ్వడం ఇద్దరికీ నేరమే. జీతం లేకుండా ప్రచారంలో పనిచెయ్యడానికి చట్టం అడ్డు చెప్పదు.

కొత్తగా పౌరసత్వం వచ్చింది. వరుసగా ఏం చెయ్యాలి?

ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసులోనూ, లైసెన్సు శాఖలోనూ పౌరసత్వం నవీకరించుకోండి. ఇది వదిలేస్తే ఏమవుతుందో 2019లో టెక్సస్‌లో తెలిసింది. పాత లైసెన్సు రికార్డుల్లో పౌరులు కారని ఉన్న సుమారు 95,000 మంది ఓటర్లను రాష్ట్రం అనుమానితుల జాబితాలో పెట్టింది. వారిలో చాలామంది ఆ తర్వాత పౌరులైనవాళ్లే. కోర్టు కేసుల తర్వాత ఆ జాబితాను వెనక్కి తీసుకున్నారు. పౌరసత్వ ధ్రువపత్రం నకలు దగ్గర పెట్టుకోండి.

తర్వాత వోట్ డాట్ గవ్ సైటులో మీ రాష్ట్రం ఎంచుకుని నమోదు మొదలుపెట్టండి. లైసెన్సు నంబరు గానీ, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలు గానీ కావాలి. పేరు లైసెన్సు మీద ఎలా ఉంటే అలాగే రాయండి. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటుతో పేర్లు తారుమారై నమోదు ఆగిపోవడం తెలుగువాళ్లకు బాగా ఎదురయ్యే ఇబ్బంది. రెండు మూడు వారాల తర్వాత కౌంటీ (జిల్లా లాంటిది) సైటులో పేరు, చిరునామా, పార్టీ మూడూ సరిచూసుకోండి. ఇల్లు మారిన ప్రతిసారీ మళ్లీ చూడండి.

మరి పార్టీలో నమోదవ్వడం మంచిదా, స్వతంత్రంగా ఉండటమా?

మసాచుసెట్స్, కొలరాడో, నార్త్ కరొలైనాల్లో స్వతంత్రంగా ఉంటే పోయేదేమీ లేదు. ప్రతి ప్రైమరీలో ఏ పోటీ ముఖ్యమో చూసి ఎంచుకోవచ్చు. న్యూయార్క్, మేరీలాండ్, ఫ్లోరిడా, పెన్సిల్వేనియాల్లో ఖాళీగా వదిలితే నష్టం మీకే. అక్కడ మీ నియోజకవర్గంలో ఎప్పుడూ గెలిచే పార్టీలో నమోదవ్వడం, ఆ పార్టీ మీకు అంతగా నచ్చకపోయినా, మా సలహా. గెలవబోయే వ్యక్తి ఎవరో నిర్ణయించే చోట మీకు ఓటు ఉంటుంది, నవంబరులో ఎవరికైనా వెయ్యవచ్చు. సిద్ధాంతపరంగా అది కుదరదనుకునేవారి నిర్ణయాన్నీ గౌరవిస్తాం. కాకపోతే ఏం వదులుకుంటున్నారో తెలిసి వదులుకోవాలి.

పార్టీల పేర్లు లేని ఎన్నికలు ఉన్నాయా?

చాలా ఉన్నాయి. ఎక్కువ చోట్ల స్కూలు బోర్డులు, నగరాల కౌన్సిళ్లు, చాలా రాష్ట్రాల్లో జడ్జీల పదవులకు బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. నెబ్రాస్కాలో 49 మంది ఉండే, రెండో సభ లేని రాష్ట్ర శాసనసభకే పార్టీ పేరు లేకుండా ఎన్నిక జరుగుతుంది. అక్కడ స్వతంత్రులకూ పార్టీ వారికీ తేడా లేదు. ఆస్తి పన్నులో పెద్ద వాటా వెళ్లేది బడులకే కాబట్టి స్కూలు బోర్డు ఎన్నిక తేదీని విడిగా చూసుకోండి. చాలా చోట్ల అది నవంబరులో కాకుండా ఏప్రిల్‌లోనో మే నెలలోనో వస్తుంది. నమోదు గడువు సాధారణంగా దానికి 30 రోజుల లోపే.